చాదస్తానికి మాత్రలున్నాయా?

ఈ రోజు నన్ను మందుల గురించి మాట్లాడమన్నారు. అయితే ముందు జబ్బు ఏదో తెలియాలి గదా.

"ఆయనకు చాదస్తం ఎక్కువ" అని ఇళ్ళలో అంటుంటాం. దుప్పటి మడత ఆయన చెప్పినట్టే ఉండాలి. పద్దుల్లో ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రంతా కూర్చుంటారు. పని ఎవరికీ అప్పగించరు, అప్పగించినా మళ్ళీ తామే చేస్తారు. పాత డబ్బాలు పారేయనివ్వరు. ఇది కొంచెంగా ఉంటే మంచిదే. మా సిస్టర్లకు కాస్త ఉండబట్టే మందుల అలమర సరిగ్గా ఉంటుంది. కానీ యౌవనం నుండీ అదే తీరై, పని పూర్తికాకుండా అడ్డుపడుతూ, ఇంటివారు బెదిరే స్థితికి వస్తే దానిని అబ్సెసివ్ కంపల్సివ్ పర్సనాలిటీ డిజార్డర్, పొట్టిగా ఓసీపీడీ అంటారు.

దీనిని ఓసీడీ అనుకోకండి. ఓసీడీలో పదేపదే చేతులు కడిగే మనిషికి అది అనవసరమని చాలావరకు తెలుసు, ఆపలేక బాధపడతాడు. ఓసీపీడీ ఉన్న మనిషికి తన పద్ధతే సరైనదని నమ్మకం. బాధ ఎక్కువగా పక్కవారిది. కొందరిలో రెండూ ఉంటాయి.

మందుల దారి ఇక్కడే వేరవుతుంది. ఓసీడీకి ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లూవోక్సమిన్, క్లోమిప్రమిన్ పనిచేస్తాయని రుజువైంది. ఓసీపీడీకంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు నేటికీ లేదు. మరి డాక్టరు చీటీ ఎందుకు రాస్తారు? ఈ స్వభావం ఉన్నవారికి దిగులు, ఆందోళన తరచుగా తోడవుతాయి. మాత్ర వాటికి. అవి తగ్గితే కోపం, పట్టుదల కొంత సడలవచ్చు. స్వభావం మారడానికి మాత్రం నెలల తరబడి కౌన్సెలింగ్ కావాలి.

మాత్ర వేసుకున్న మర్నాడే గుణం కనబడదు. దిగులుకు 4 నుండి 6 వారాలు, ఓసీడీ కూడా ఉంటే 8 నుండి 12 వారాలు ఆగాలి. మొదట్లో వికారం, తలనొప్పి, నిద్రలో మార్పు ఉండవచ్చు. దాంపత్యంలో ఆసక్తి తగ్గినా సిగ్గుపడక చెప్పండి. 25 ఏళ్ళలోపు వారిలో తొలి వారాల్లో చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయేమో ఇంటివారు గమనించాలి. అలాంటిది కనిపిస్తే వెంటనే తీసుకురండి. టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. ఈ మందులకు బానిసలవుతారనే భయం వద్దు, కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరుగుతుంది, చిరాకు పెరుగుతుంది. అల్ప్రాజోలం సంగతి వేరు, అది అలవాటైపోతుంది. పాత చీటీ చూపించి కొనకండి.

ఈ మనుషులు మందు పెట్టెలోని కాగితం మొత్తం చదివి భయపడతారు. మాత్ర గంట ఆలస్యమైతే గాభరాపడతారు. గంటకు ఏమీ కాదని చెప్పండి.

"ఆయన ఒప్పుకోవడం లేదు డాక్టరుగారూ, కాఫీలో కలిపి ఇవ్వవచ్చా?" అని భార్యలు అడుగుతారు. వద్దమ్మా. రక్తం పలచబడే మందులో, నొప్పి మాత్రలో వాడుతుంటే వాటితో కలిసి రక్తస్రావం కావచ్చు. పైగా తెలిసిన రోజున మీ చేతి అన్నం మీద కూడా ఆయనకు నమ్మకం పోతుంది. "మీకు చాదస్తం, పదండి" అన్నా రారు. "మీకు నిద్ర పట్టడం లేదు కదండీ, ఒకసారి చూపించుకుందాం" అనండి. నిద్ర కోసమైతే చాలామంది వస్తారు. వచ్చేటప్పుడు షుగరు, బీపీ మందుల చీటీలు కూడా తెండి.