కువైత్ కడలి యొడ్డున



రాయలసీమవాడు సముద్రమును గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కర్నూలు, కడప సీమలలో పుట్టి పెరిగినవారికి నీరనగా చెరువు, బావి, వానకాలమున పాఱెడు వంక; పెన్న యైనను ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకయే. అయినను నేడు సముద్రపు టొడ్డున కాపురముండు సీమవారు తక్కువమంది కారు. ఆ యొడ్డు మన తూర్పుతీరము కాదు, కువైత్ దేశపు తీరము. రాజంపేట, కోడూరు, రాయచోటి ప్రాంతములలో కువైత్‌నకు ఒక్కరైనను పోని పల్లె కనబడుట యరుదు. ఆ దేశమున భారతీయులు పదిలక్షల వఱకు నున్నారు. మావారిలో పురుషు లనేకులు బండ్లు నడపుదురు, కట్టడపు పనులు చేయుదురు. స్త్రీలు అక్కడివారి యిండ్లలో వంటకును, బిడ్డల పోషణకును కుదురుదురు. భార్యాబిడ్డలను వెంట నుంచుకొనగలవారు కొలదిమంది. ఆ కొలదిమందిలో మా కుటుంబ మొకటి. మాది రాజంపేట వైపు. నా యిల్లాలి పుట్టినిల్లు నందికొట్కూరు దగ్గఱి పల్లె.

కువైత్ మనకు బొత్తిగా పరాయిదేశ మని తలపరాదు. అక్కడ 1961 వఱకు చెల్లినది రూపాయియే. ముత్యములకై మునుగువారిని మోసిన ఆ దేశపు టోడలు మన మలబారు తీరపు టేకుతో కట్టబడినవి. నీటికఱవు విషయమున నన్ననో, వారు మనకంటె పెద్దలు. సాలుకు పండ్రెండు సెంటీమీటర్ల వాన కురిసిన, అది వారికి మంచి యేడే. ఉప్పునీటిని కాచి మంచినీరు చేయు యంత్రాగారము 1953లో వచ్చువఱకు, షత్తల్ అరబ్ నదినుండి పడవలమీద త్రాగునీరు తెచ్చుకొనెడివారు. 1938లో చమురు బయటపడి, 1946లో ఓడలకెక్కిన తరువాతనే ఆ యూరి రూపు మాఱినది. కఱవుసీమనుండి పోయిన మాకు ఈ కథ వినగానే ఆ దేశముపై ఒకవిధమగు బంధుభావము కలిగెను.

మా దినచర్య చెప్పుకొనదగినంత విశేషమైనది కాదు. వేకువననే పిల్లల బడిబండి వచ్చును. నేను పనికి పోదును. ఎండకాలమున మధ్యాహ్నము వీధిలో కుక్కయైన తిరుగదు. 2016 జూలైలో ఆ దేశమందలి మిత్రిబహ్ అనుచోట 53.9 డిగ్రీల వేడిమి నమోదైనది. జూను మొదలు ఆగష్టు వఱకు పగలు పదునొకండు గంటలనుండి నాలుగు గంటలవఱకు బయలునందు పని చేయింపరాదని అక్కడ శాసన మున్నది. ఆ నెలలలో రెండుగదుల యింటిలో పిల్లలను బంధించి యుంచుట యెంతకష్టమో తల్లులకే యెఱుక. ఆ బాధనుండి తప్పించుకొనుటకే మేము మొట్టమొదట సముద్రమున కలవాటుపడితిమి. ఎండకాలమున రాత్రులందును, చలికాలమున శుక్రవారము వేకువను పోవుచుందుము.

కువైత్ సముద్రము మద్రాసు సముద్రమువంటిది కాదు. హోరు లేదు, పెద్ద కెరటములు లేవు. కువైత్ అఖాతమున, ముఖ్యముగా సులైబిఖాత్ వైపున, నేల మిక్కిలి పల్లముగా వాలియుండును. పోటు పెద్దదైననాడు నీరు నిలువున మూడు మీటర్లకు మించి యెక్కి దిగును. దిగినప్పుడు కంటికానినంత దూరము బురదమైదానమే. ఉదయము వచ్చిన పోటు మఱునాడు రమారమి యేబది నిమిషము లాలస్యముగా వచ్చును. మా యింట పోటుపాటుల వేళలు వ్రాయు పుస్తక మొకటి వంటగదిలో వ్రేలాడుచుండును. నా కుమార్తె బడి పాఠముల వేళలు మఱచునుగాని, ఈ వేళలు మఱువదు.

ఆ బురదలో గెంతుచు తిరుగు చేప యొకటి యున్నది. అక్కడివారు దానిని బూషలంబో యందురు. కన్నులు నడినెత్తిమీద నుండును. మొప్పలలో కొంత నీరు పట్టుకొని, తడిచర్మముతో గూడ గాలి పీల్చుచు, నీరు తీసిపోయిన తరువాతను బురదమీదనే బ్రదుకగలదు. దానిలోనే యొక జాతి చేయు పని చూడదగినది. తన బొఱియచుట్టు నోటితో బురద తెచ్చి చిన్న గట్టు పోసికొనును. ప్రక్క చేపయు నట్లే చేయును. ఇరువుర గట్టులు కలిసి అయిదాఱు కోణముల మడులవలె ఏర్పడును. పోటు తీసిపోయినను ఆ మడిలో నీరు నిలుచును. ఆ తేమలో బురదపై కంటికి కనబడని నాచు పెరుగును. దానిని తల అటునిటు త్రిప్పుచు మేసి యీ చేప జీవించును. పొరుగువాడు గట్టు దాటెనా, ఇరువురు నోళ్లు తెఱచుకొని తగవునకు దిగుదురు.

మా తండ్రిగారు ఒక చలికాలమున మావద్దకు వచ్చియుండిరి. ఆయన జీవితమంతయు మెట్టసేద్యమునందు గడపినవారు. సముద్రమును చూచి యేమియు ననలేదు. ఆకాశమంటు మేడలను చూచియు ననలేదు. ఈ చేపమడుల నొడ్డుననుండి దుర్భిణితో చూపగా, చాలసేపు చూచి, నా కుమారునితో, “ఒరే అబ్బిగా, వీడెవడో మన మాదిరి సేద్యగాడే. తేమ ఆరిపోకుండా గెనిమ ఏసుకున్యాడు సూడు” అనిరి. “మల్లా నీళ్లొస్తే గెనిమ తెగిపోతాది గదా, జేజినాయనా?” అని వాడడిగెను. “తెగితే మల్లా ఏసుకుంటాడు. మనం ఏసుకోల్యా?” అని యాయన బదులు చెప్పిరి. ఉన్నన్ని దినములును ప్రతి శుక్రవారము ఆ మడులు చూడవలెనని ఆయనయే మమ్ము తొందరపెట్టెడివారు.

దుర్భిణి యన్నంతనే యొక ముచ్చట. పరదేశమున దానిని చేతబట్టి యొడ్డున నిలుచుట యంత మంచిది కాదు. ఒకనాడు కావలిభటుడొకడు వచ్చి ఏమి చూచుచున్నారని యడిగెను. నాకు వచ్చిన కొలది అరబ్బీలో పక్షులంటిని. అతడు నమ్మక తానే తీసికొని చూచెను. పిమ్మట పావుగంట వఱకు తిరిగి యియ్యలేదు.

పక్షులలో నన్నిటికంటె వింతయైనది తెల్లని మేను, నల్లని వీపు, గొడ్డలివంటి నల్లముక్కు గల యొక పిట్ట. పీతలే దాని యాహారము. తీరపు ఉల్లంకి జాతులలో ఇసుకలో బొఱియ త్రవ్వి గ్రుడ్డు పెట్టునది ఇదియొకటే. ఒకే గ్రుడ్డు, తెల్లనిది. చీకటిలో నుండుదానికి రంగులతో నేమి పని? కువైత్‌నకు ఉత్తరముననున్న బూబియాన్ దీవిలో ఇవి గుంపులుగా పిల్లలు చేయును. ఆ దీవిలోని ముబారక్ అల్ కబీర్ రక్షితప్రదేశము 2015లో రాంసారు ఒడంబడిక జాబితా కెక్కినది. మా సీమలో సముద్రమే లేదు గనుక ఈ పిట్టకు మాయింట పేరు లేదు. “కర్కటభక్షకము” వంటి మాట కల్పింప నాకు తోచెను. నా కుమార్తె “పీతలపిట్ట” యనెను. దాని మాటయే నిలిచినది, నిలువదగినదియు నదియే. పిల్లలు తమంతట పెట్టుకొన్న పేరు తెలుగులోనే యుండుట మాకు చిన్నవిషయము కాదు. బడిలో వారికి తెలుగు లేదు.

నవంబరు ప్రాంతమున రాజహంసలు దిగును. తల క్రిందులుగా వేసి, ముక్కుతో బురదనీటిని వడగట్టి తినుచు, వేల పాదముల నడక నడచుచుండును. ఇరానులోని ఉరుమియా సరస్సున కాలికి కడియము వేసి విడిచిన రాజహంసలు గల్ఫు తీరములందును, మన దేశమునందును గూడ కనబడినవి. ఒక శుక్రవారము రాయచోటి ప్రాంతపు టావిడ నొకతెను మావెంట తీసికొనిపోతిమి. ఆమె యొక యింట పనికి కుదిరి తొమ్మిదేండ్లయ్యెను. అదివఱకు సముద్రమును కారు అద్దమునుండియే చూచినదట. నా భార్య ఈ పక్షుల రాకపోకలు చెప్పగా విని, “ఏటేటా ఇంటికి పోతాయా అక్కా? వీటికి సెలవు ఎవురిస్తారు?” అని యడిగెను. నా భార్య మాటాడలేదు. నాకును మాట తోచలేదు. మా పిల్లవాడు మాత్రము దుర్భిణి ఆమె చేతికిచ్చి, ఎట్లు చూడవలెనో నేర్పెను.

ఈ తీరము పడిన పాట్లును తక్కువ కావు. 1990 ఆగష్టులో ఇరాకు సేనలు కువైత్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బదివేల భారతీయులు, వారిలో మా సీమవారును, అమ్మాను మీదుగా విమానములలో ఇల్లు చేరిరి. 1991లో సముద్రమున చమురు పాఱినది, ఆఱువందలకు పైగా చమురుబావులు మండినవి. 2001 ఆగష్టు, సెప్టెంబరులలో కువైత్ అఖాతమున రెండువేల టన్నులకు మించి చేపలు చచ్చి యొడ్డున పడినవి. 2019లో అఖాతముమీదుగా ముప్పదియాఱు కిలోమీటర్ల వంతెన తెఱచిరి. వంతెన చూడముచ్చటయే, కాని బురదనేల యన్నంతనే పూడ్చి మేడ కట్టదగినదని యెంచువారిని చూచిన నాకు కోపము వచ్చును. మెట్టనేల పనికిరానిదని యెంచువారును అట్టివారే.

ఆ మాట నా భార్య మఱింత గట్టిగా చెప్పును. ఆమె పుట్టినూరికి దగ్గఱనే రోళ్లపాడు. బట్టమేక పక్షికై 1988లో అక్కడి గడ్డిబీడును రక్షితవనముగా చేసిరి. ఆమె చిన్ననాట ఆ పక్షిని పొలముగట్టుపై చూచినది. నేడు అక్కడ అది కానరాదు. మా కడప సీమలో కలివికోడి యిక లేదనుకొన్నతరువాత, 1986లో సిద్ధవటము వైపు పొదలలో మరల దొరకినది. దాని జ్ఞాతియగు ఇసుకవన్నె పిట్టను కువైత్ ఎడారిలో మేము చూచితిమి. నిలుచుట, పరుగిడుట, ఆగి యటునిటు చూచుట, అంతయు పుస్తకములలో కలివికోడిని గూర్చి చదివినట్లే.

మా కుమార్తెకు బడిచదువు ముగిసినది. పై చదువునకు కడప చేరినది. పిల్ల లెంతకాలము పెరిగినను ఆ దేశము వారిది కాదు. చదువో, కొలువో తీఱినతోడనే రావలసినదే. ఆ సంగతి యెఱిగియు, బయలుదేఱునాడు పోటుపాటుల పుస్తకమును పెట్టెలో పెట్టుకొన్నది. కడపలో పోటు లేదుగదా యని తమ్ముడు నవ్వెను. మొన్న దాని యుత్తరము వచ్చినది. ఒంటిమిట్ట దగ్గఱ, సోమశిల వెనుకనీటి యంచున, జహ్రా మడుగులలో తాము చూచిన యెఱ్ఱని పొడుగుకాళ్ల పిట్టలు పదునేడు మేయుచున్నవట. పుస్తకములో చివరి పుటలు ఖాళీగా నుండగా, నీటిమట్టము ఏ వారమున నెంత తగ్గినదో అందులో వ్రాయుచున్నదట.