ఇంటి మాట తెలిసినవారు కావలెను

 పట్టా చేతబట్టుకొని ఇంటికి పోవలెనని మీకందఱికిని తొందరగా నున్నది గనుక మర్యాదలు విడిచి నేరుగ విషయమునకు వచ్చెదను.

విద్యాశాస్త్రము, మనస్తత్వశాస్త్రము, గృహవిజ్ఞానము చదివిన మీలో పలువురు ఇక నేమి చేయుదుమా యని ఆలోచించుచుందురు. మాట రాని పిల్లలకు మాట నేర్పుటలో నా బ్రతుకు గడచినది. కావున నే నెఱిగిన ఆ దారిని గూర్చియే చెప్పెదను. మైసూరులో 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయు, సికింద్రాబాదు మనోవికాస నగరమున 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థయు వెలసిన పిమ్మట, అంతవఱకు చాలచోట్ల దయాగుణము మీదనే నడచిన ఈ పని మనదేశమున శాస్త్రముగ నిలద్రొక్కుకొన్నది. బుద్ధివికాసము మందగించిన బాలలకును, ఆటిజము గలవారికిని, చూపో వినికిడియో కొఱవడినవారికిని చదువు చెప్పుటకు ప్రత్యేక విద్యలో బి.ఎడ్. కలదు, మనస్తత్వశాస్త్రము చదివినవారికి పునరావాస మనస్తత్వశాస్త్రము కలదు, బధిరులకును లోకమునకును నడుమ నిలుచు సంజ్ఞాభాషా దుబాసీలు ఎందఱున్నను చాలరు. ఇంటర్మీడియటులో సైన్సు చదువుచున్న చెల్లెండ్రు మీకున్నచో, వాక్ శ్రవణ చికిత్సకై బి.ఎ.ఎస్.ఎల్.పి. యనియు, గుండీ పెట్టుకొనుట, గ్లాసు పట్టుకొనుట వంటి నిత్యకృత్యములను సాధింపజేయుటకై ఆక్యుపేషనల్ థెరపీ యనియు చదువులు కలవని వారికి చెప్పుడు.

భారత పునరావాస మండలి గుర్తించిన చదువు చదివి, దాని పట్టికలో పేరు నమోదు చేయించుకొననిదే ప్రత్యేక విద్య, వాక్ శ్రవణ చికిత్స వంటి వృత్తులు చేయరాదని 1992 నాటి చట్టము శాసించుచున్నది. నాలుగు వారముల శిక్షణ నిచ్చి కాగిత మొకటి చేతిలో పెట్టువారు వీధివీధిన వెలసియున్నారు. వారి గడప త్రొక్కితిరా, నాయనలారా, అమ్మలారా, నేను క్షమింపను!

కొలువు లున్నవా యని అడుగుదురు. ప్రాథమిక తరగతులలో ప్రత్యేకావసరములు గల బాలలు 10 మందికి ఒక్కరు, పై తరగతులలో 15 మందికి ఒక్కరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలెనని 2021 నాటి సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు ననుసరించి కేంద్ర ప్రభుత్వము 2022లో నిర్దేశించినది. మన మండలములలో ఆ బాలలకై నడచు భవిత కేంద్రములకు పోయి చూడుడు. ఒప్పందపు కొలువులో చాలీచాలని జీతముతో, కేంద్రమునకు వచ్చు బిడ్డలకు పాఠము చెప్పుచు, మంచము దిగలేని బిడ్డల ఇండ్లకు సైతము పోవుచున్న ఉపాధ్యాయినులు కనబడుదురు. వారి కొలువులు స్థిరపడవలెనని మన మందఱమును గట్టిగ అడుగవలెను.

ఇక, చాలకాలముగా నన్ను వేధించుచున్న సంగతి యొకటి కలదు. తెలుగింటి బిడ్డకు మాట ఆలస్యమైనదని తల్లి పరుగున వచ్చినచో, ఇంట తెలుగు మానివేసి ఒక్క ఇంగ్లీషే మాటలాడుడని, రెండు భాషలైనచో బిడ్డ తికమకపడునని చెప్పు చికిత్సకులు పెక్కుమంది తయారైరి. రెండు భాషలు వినుటచేత ఆటిజము గల బిడ్డకు మాట వెనుకబడునను దానికి పరిశోధనలలో ఆధారము కనబడలేదు. మఱి ఈ సలహా ఎందులకు?

ఒకమారు నాయొద్దకు ఐదేండ్ల బాలుని తెచ్చిరి. బొమ్మల కార్డు చూపినచో ఆపిల్, బాల్, యెల్లో అని గడగడ చెప్పును. ఆకలియైనచో మాత్రము గోడకు తల కొట్టుకొనును. వాని నానమ్మకు తెలుగు తప్ప మఱొకటి రాదు. తెలుగు మానుమన్నారని కోడలు చెప్పగా ఆ పెద్దామె మనుమనితో మాటలాడుటయే మానివేసినది. నేను కార్డులు ప్రక్కకు నెట్టి, అన్నము కలుపుమంటిని. పెరుగు గిన్నె వానికి కనబడునట్లును అందకుండునట్లును పెట్టి, “బువ్వలో ఏం వెయ్యను నాన్నా?” అని నానమ్మ అడిగి, చేయి ఆపి, వాని మొగము చూచుచు ఊరకుండవలెను. ఆ ఊరకుండుటయే కష్టము. తాళలేక గరిటె వంచినచో ఆ పూట పాఠము పోయినట్లే. కొన్నాళ్లకు వాడు గిన్నెవైపు చూచి “పెలు” అన్నాడు. రేఫము పలుకలేదు, చివరి అక్షరము రాలేదు. ఐనను అది చూచి ఒప్పగించిన మాట కాదు, కోరి అడిగిన మాట. తల కొట్టుకొనుట అటుపిమ్మట క్రమముగ తగ్గినది.

తెలుగు పలుకు సాధారణముగ అచ్చుతో ముగియును. అత్త, తాత, బువ్వ, లాల: పసివాని నాలుకకు తేలికగ లొంగు మాటలను మన ముసలమ్మలు ఏనాడో ఏరి పెట్టియున్నారు. ఆ మాటలను విడిచి, హల్లుతో ముగియు పదములకై మఱొక దేశమున ఏర్పఱచిన కొలతలతో మన బిడ్డను కొలిచి లోపమున్నదని వ్రాయుట అన్యాయము. ఏ వయస్సున తెలుగు బిడ్డ ఏ విభక్తిని, ఏ క్రియారూపమును పలుకగలడో శ్రీకాకుళపు ఇండ్లలోను, పాలమూరు ఇండ్లలోను కూర్చుండి విని వ్రాయవలసిన పని ఇంకను ఎంతయో కలదు. ఆ ఇండ్ల మాట వచ్చిన మీకంటె దానికి తగినవా రెవరు?

ఈ చదువులకు దరఖాస్తు పెట్టుటకు ముందు మీ మండలపు భవిత కేంద్రమునకు పోయి ఒక పూట కూర్చుండుడు. అచటి తల్లులను బిడ్డ ఏమి తినుటకు ఇష్టపడునో, ఎవరి ప్రక్కన పండుకొనునో, ఇంట వానిని ఏ ముద్దుపేరుతో పిలుతురో అడుగుడు. వైద్యుల కాగితములలో ఇవి యుండవు. ఆ జవాబులు వ్రాసికొని వచ్చినవారికి, నాకు ఓపిక యున్నంతవఱకు, ఈ పని నేర్పెదను.