విరిగితే ఎవరికి తగులుతుంది?



పిస్టల్ పేలిన ప్రతిసారీ పైనున్న ఉక్కు స్లైడ్ వేగంగా వెనక్కి వెళ్లి, స్ప్రింగు బలంతో ముందుకొస్తుంది. ఖాళీ తూటా బయటికి పోవడానికి, గొట్టం లాక్ కావడానికి దానిలో కంతలు, గాళ్లు కోస్తారు. కోసిన చోట లోహం పలచన. మూల వాడిగా ఉంటే ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది. వేల దెబ్బల తర్వాత పగులు అక్కడే పుడుతుంది.

అమెరికా సైన్యం 1985లో ఎంచుకున్న బెరెట్టా పిస్టళ్లలో కొన్నిటి స్లైడ్లు 1987-88లో లాకింగ్ బ్లాకు దగ్గర విరిగాయి. వెనక ముక్క ఎగిరి కాల్చినవారి ముఖానికి తగిలింది. తప్పు ఉక్కుదా, తూటాదా అని వాదన నడిచింది. కంపెనీ మాత్రం హ్యామర్ పిన్ను తల పెద్దది చేసింది. స్లైడ్ విరిగినా వెనక ముక్కను అది ఆపుతుంది.

మన మధిర మీదుగా పోయే రైలు పట్టాలకూ ఇదే సూత్రం. అతుకుల దగ్గర బోల్టు రంధ్రాల నుంచి తరచూ పగుళ్లు మొదలవుతాయి. అందుకే కీమ్యాన్ రోజూ పట్టా వెంట నడిచి చూస్తాడు.

గురువులకు నాదొక మనవి. ‘ఎంత బరువు మోస్తుంది?’ అనే లెక్కతోపాటు ‘విరిగితే ఎవరికి తగులుతుంది?’ అని కూడా పిల్లల్ని అడగండి.