సాగనంపడం, చేర్చుకోవడం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు ఇచ్చిన విషయం "విద్య - మన బాధ్యత". దాని మీద పోయిన ఏడూ మాట్లాడాము, అంతకు ముందు ఏడూ మాట్లాడాము. అందుచేత వారి అనుమతితో ఈసారి వేరే సంగతి ఎత్తుకుంటున్నాము.

కడప, రాయచోటి, రాజంపేట వైపు మన వీధుల్లో కువైట్‌కో సౌదీకో ఖతర్‌కో మనిషిని పంపని ఇల్లు వెదికితే గాని దొరకదు. 1973లో చమురు ధరలు పెరిగి అక్కడ పనులు పుట్టుకొచ్చినాక మొదలైన ప్రయాణాలివి. మొదట్లో బొంబాయి దాకా రైల్లో పోయి విమానం ఎక్కేవాళ్ళు. ఇప్పుడు తాతలు పోయిన దారిన మనవళ్ళు పోతున్నారు. పంపడం మనకు బాగా అలవాటైపోయింది. సరిగ్గా పంపడం, వచ్చినవారిని సరిగ్గా చేర్చుకోవడం మాత్రం ఇంకా అలవడలేదని మా అభిప్రాయం.

మన నోట్లో "పోతాను" అనే మాట రాదు. తెలుగులో "పోయొస్తా" అంటాము, మన దక్కనీలో "జాకో ఆతూఁ" అంటాము. ఈ రెండో మాట పిల్లలు పరీక్ష పేపర్లో రాస్తే మేము ఎర్రసిరాతో కొట్టేస్తాము. కాని ఇంటి గడప దాటేటప్పుడు మా నోటా వచ్చేది అదే. బయలుదేరేవాడి కుడి చేతికి అమ్మీ ఇమామ్ జామిన్ కట్టి, అందులో ఒక నాణెం ముడివేస్తుంది. క్షేమంగా చేరినాక ఆ నాణేన్ని ఖైరాత్ చేయాలి. ఆ ఆచారాన్ని ఒప్పుకోని పెద్దలూ ఉన్నారు, ఆ చర్చ ఇక్కడ వద్దు. కట్టిన తల్లి మనసు మాత్రం అందరికీ తెలుసు.

ఆ తల్లి ఏడుస్తుంటే "సబర్ చెయ్యి, అపశకునం" అని గద్దించేవాళ్ళుంటారు. యాఖూబ్ అలైహిస్సలాం కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు పోగొట్టుకున్నారు. అయినా ఆయన సబర్ చేసినవారే అని ఖురాన్ చదివిన వాళ్ళందరికీ తెలుసు. కాబట్టి ఏడవనివ్వండి. గద్దించాలనుకుంటే అడ్వాన్సు పుచ్చుకొని కాగితం చూపించని ఏజెంటును గద్దించండి.

కాగితాల మాట వచ్చింది గనుక చెబుతాము. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదో తరగతి పాసు కాని కూలీలకు గల్ఫ్ దేశాలకు పోవడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. పది పాసైనవారికి అక్కరలేదు. (చూశారా, కార్యదర్శిగారి విషయం దానంతటదే వచ్చింది.) ఆ క్లియరెన్సుతోపాటు ప్రవాసీ భారతీయ బీమా చేయించాలి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వచ్చే బీమా అది. క్లియరెన్సు అవసరమున్న ఆడవాళ్ళను 30 ఏళ్ళు నిండనిదే ఇంటిపనికి పంపరాదు. ఈ నియమాలు తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించి పంపుతారు. అట్లా పోయినవారికి అక్కడ కష్టం వస్తే ఏ ఆఫీసులోనూ లెక్క ఉండదు.

బళ్ళో మాకు కనిపించేది ఇంకోటి ఉంది. "మీ అబ్బా ఏం చేస్తారు?" అంటే సగం మంది పిల్లలు "బాహర్ హైఁ" అంటారు. "బయట" అనేది వాళ్ళకు ఒక ఉద్యోగం పేరు! ఇంకా బడికి రాని మూడేళ్ళ బిడ్డను "అబ్బా ఎక్కడ?" అంటే ఫోను చూపిస్తుంది. ఆ బిడ్డ దగ్గరకే రెండేళ్ళకు ఒకసారి తండ్రి వచ్చి ఎత్తుకోబోతే అది అమ్మ కొంగు వెనక్కు పోతుంది. అతనికి ఆ క్షణంలో ఎట్లుంటుందో మన వీధిలో చాలామందికి తెలుసును. అప్పుడు ఇంట్లోవాళ్ళు నవ్వకూడదు. రెండు మూడు రోజులు బిడ్డను అతని దగ్గరే ఆడనిస్తే సరిపోతుంది.

ఇక వచ్చినవాణ్ణి మనం అడిగే మొదటి మాట ఏమిటి? "ఎన్ని రోజులు లీవు?" పెట్టె దించకముందే మళ్ళీ ఎప్పుడు పోతావని అడుగుతాము. ఆ తర్వాత పెట్టె విప్పడం. దుప్పటి ఎవరికి, సెంటు ఎవరికి, ఫలానా వాళ్ళకిచ్చింది మాకెందుకివ్వలేదు అని అలకలు. ఈ అలకలకు భయపడి అప్పు చేసి సామాను కొన్నవాళ్ళను మేమెరుగుదుము.

లీవు మీద వచ్చినవాడి సంగతి ఇట్లా ఉంటే, ఖతమ్ చేసుకొని వచ్చేసినవాడి గతి ఇంకా కష్టం. ఇరవై ఏళ్ళు ఎండలో పని చేసి షుగరుతో, మోకాళ్ళ నొప్పులతో వస్తాడు. ఇంట్లో బ్యాంకు పని, పిల్లల ఫీజు, పెళ్ళి సంబంధాలు అన్నీ అన్నేళ్ళూ భార్యే చూసుకొంది. ఇతను వచ్చి వారం కాకముందే హుకుం జారీ చేయబోతాడు. ఆమె ఒప్పుకోదు, ఎందుకొప్పుకోవాలి? అతనికీ ఒక మూల, ఒక పని చూపించవలసింది పిల్లలు. "ఖాళీగా కూర్చున్నాడు" అని వాళ్ళే అంటే అతను ఎక్కడికి పోవాలి?

ఇప్పుడు చెప్పేది కొందరికి రుచించకపోవచ్చు. అరబ్బుల ఇళ్ళలో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళను మనం చేర్చుకునే తీరు మంచిగా లేదు. ఆమె పంపిన దీనార్లతో కట్టిన ఇంటి అరుగు మీద కూర్చొని ఆమె నడవడి గురించి మాట్లాడుతాము. ఆమె కూతురి సంబంధం దగ్గర అదే మాట ఎత్తుతాము. మగవాడు పదేళ్ళు ఎట్లా ఉన్నాడో ఎవరైనా అడిగారా? ఆమె తెల్లవారుజామునే లేచి అర్ధరాత్రి దాకా పరాయి ఇంట్లో చాకిరీ చేసింది. మన జమాఅత్‌లో ఆమెను గౌరవంగా పలకరించడం పెద్దలే మొదలుపెట్టాలి.

అందరూ ఒక్కసారిగా వచ్చిన రోజులూ ఉన్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు, ఎక్కువమందిని జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి. ఉత్తచేతులతో వచ్చారు. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘం ద్వారా పరిహారం వచ్చింది గాని, దానికి కువైట్‌లో ఉన్నట్టు ఋజువు కావలసివచ్చింది. అందుకే పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఇంట్లో పెట్టుకోమని పదేపదే చెప్పడం. 2020 మే 7 నుంచి వందే భారత్ విమానాల్లో వచ్చినవారిని చూసి మనవాళ్ళే తలుపులు వేసుకొన్నారు. జబ్బు భయం సరే, కాని కిటికీలోంచి సలాం చెబితే అంటుకోదు కదా.

చివరగా, రానివాళ్ళ గురించి. అక్కడ ఇంతెఖాల్ అయితే మయ్యత్‌ను తేవడానికి పోలీసు, ఆసుపత్రి, ఎంబసీ కాగితాలన్నీ కావాలి, ఒక్కోసారి వారాలు పడుతుంది. అక్కడే దఫన్ చేయడానికి కుటుంబం సమ్మతి రాసివ్వవచ్చును. అప్పుడు ఇంట్లో తగాదా: తల్లి ఆఖరిసారి ముఖం చూడాలంటుంది, మామగారు త్వరగా దఫన్ చేయడమే మంచిదంటారు, భార్యను ఎవరూ అడగరు. దఫన్ ఆలస్యం చేయరాదన్నది దీన్‌లో తెలిసిన మాటే, కనుక అక్కడే సమ్మతి ఇచ్చిన కుటుంబాన్ని "కట్టెను కూడా తెప్పించుకోలేదు" అని ఎవరూ అనకూడదు. తెప్పించుకోవాలన్న తల్లినీ తప్పుపట్టకూడదు. ముఖం చూడకుండా బిడ్డను వదులుకోవడం ఎంత కష్టమో ఆ తల్లికే తెలుసు. కాని నిర్ణయం ఒక్క రోజులో, భార్యను కూర్చోబెట్టుకొని చేయాలి.

కార్యదర్శిగారితో మాట్లాడాము. ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత మగ్రిబ్ దాకా సొసైటీ ఆఫీసులో మేమూ, ఇంకో ఇద్దరు ఉపాధ్యాయులూ కూర్చుంటాము. ప్రయాణం పెట్టుకున్నవారు డబ్బు కట్టక ముందే వీసా, ఒప్పందం కాగితాలు తీసుకొస్తే చదివి చెబుతాము. ఆడవాళ్ళు రాలేకపోతే పిల్లల చేత నకళ్ళు పంపించండి. పిల్లలకు మా తరగతి ఎక్కడో తెలుసు.