రోగి పడక వద్ద మన నాలుక



సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై శాంతి, శుభాలు కురియుగాక! అమ్మా బాద్.

రోగిని పరామర్శించడం ముస్లిముపై తోటి ముస్లిముకు గల హక్కు. ఆ హక్కును నెరవేర్చబోయి మేము చేసిన ఒక తప్పును నేడు మీ ముందు ఉంచుతున్నాము.

కొన్నేళ్ల క్రితం గొంతు క్యాన్సర్ వచ్చిన ఒక సోదరుని చూడబోయాము. బీడీ, మద్యం రెండూ అతనికి చిరకాలపు అలవాట్లు. బంధువులందరి ఎదుట “చేసుకున్నదే అనుభవిస్తున్నావు, ఇకనైనా తౌబా చేసుకో” అన్నాము. అతడు తల వంచుకొని విన్నాడు. ఆనాటి నుండి అతడు బీడీ మానలేదు, దాచసాగాడు. భార్యకు, చివరకు డాక్టరుకు సైతం మానేశానని చెప్పి స్నానాల గదిలో కాల్చేవాడు. ఆ అబద్ధంలో మా పాలు ఉన్నది.

మద్యం సేవించి పట్టుబడిన ఒకనిని కొందరు శపించగా, సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించిన సంగతి సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆ హదీసును మేము మద్రసాలో ఎన్నోమార్లు చదివాము, చదివించాము. పడక వద్ద అది గుర్తుకు రాలేదు! పొగాకు మక్రూహా, హరామా అనే చర్చ కూడా అక్కడ చేయదగినది కాదు. మద్యం విషయంలో చర్చే లేదు, అది హరామ్. అయినా దాని నిషేధం సైతం విశ్వాసులపై ఒక్కనాటిలో గాక దశలవారీగా అవతరించింది.

“వ్యాధి రానే వచ్చింది, ఇప్పుడు మానితే ఏమిటి?” అని రోగులు అడుగుతారు. మానితే మేలున్నది. పొగ త్రాగుతూ ఉంటే, మనవారు కరెంటు పెట్టడం అని పిలిచే రేడియేషన్ చికిత్స గుణం తగ్గుతుంది, ఆపరేషన్ గాయం ఆలస్యంగా మానుతుంది, మరొక క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. కనుక రోగి నిజం చెప్పగలగాలి. అందుకు ఇంట్లో వారు కూడా బీడీ, ఖైనీ, గుట్కా విడిచిపెట్టాలి. నికోటిన్ చూయింగ్ గమ్ వంటివి కలవు, కాని నోరు, గొంతు పుండుపడిన వారు డాక్టరును అడిగే వాడాలి. పొగాకు మానదలచిన వారికి ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356.

మద్యం సంగతి వేరు. ప్రతిదినం విపరీతంగా త్రాగేవాడు హఠాత్తుగా మానితే వణుకు, మతిభ్రమ, ఫిట్స్ రావచ్చును. ప్రాణాపాయం కూడా కలగవచ్చును. ఖుర్ఆన్ మీద ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేసే పెద్దలారా, ముందు డాక్టరుకు చెప్పండి! వైద్యం చేయించుకోవడం సున్నత్‌యే.

ఆ సోదరుని వద్దకు మేము మళ్లీ ఒంటరిగా వెళ్లి క్షమాపణ కోరాము. చాలాసేపు మౌనంగా ఉండి, దిండు క్రింది బీడీ కట్టను తీసి మా చేతిలో పెట్టాడు. మరుసటి వారం మళ్లీ కాల్చాడు. ఈసారి తానే చెప్పాడు. ఇద్దరం కలిసి డాక్టరు వద్దకు వెళ్లాము.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థతను, వారి పక్కన కూర్చునే మాకు మృదువైన నాలుకను ప్రసాదించు. ఆమీన్.