వేలిముద్ర వేసే ముందు ఒక వీడియో

ఈ ఎపిసోడ్‌లో ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం. ఆపరేషన్‌కి ముందు మన చేత సంతకం పెట్టించుకునే కాగితం.

మాది పులికాట్ సరస్సు ఒడ్డు. పోయినేడు మా మేనత్తకి గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలన్నారు. నేను ఆస్పత్రికి పోయేసరికే ఫారం మీద వేలిముద్ర పడిపోయింది. మూడు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. "అత్తా, ఇందులో ఏం రాసుండాదో చెప్పినారా?" అంటే, "నాకేం తెలుసురా, ఎయ్యమన్నారు, ఏసినా" అనింది. అండాశయాలు కూడా తీసేశారని ఇంటికొచ్చినాకే తెలిసింది. ఫారంలో ఆ మాట ఉంది. చదివి చెప్పినవాళ్లే లేరు. నేను కూడా ఆ రోజు చదవలేదు.

చట్టం ఏమంటోంది? 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితి కాదు కాబట్టి ఆ ఒప్పుకోలు చెల్లదని కోర్టు చెప్పింది. మనిషి తన ఒంటికి తానే ఒప్పుకోవాలి.

ఇంకోటి మన దగ్గరే జరిగింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పెట్టారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే విషయం. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, 9,543 ఫారాల్లో 2,763 వాటి మీద హాస్టల్ వార్డెన్లే సంతకం చేశారు.

అదే ఏడాది, కొత్త మందుల ప్రయోగాల్లో ఒప్పుకోలు తీసుకోవడాన్ని వీడియో తీయాలని ఆదేశాలొచ్చాయి. 2015లో దాన్ని బలహీన స్థితిలో ఉన్నవాళ్లకి, కొత్త రసాయన మందుల ప్రయోగాలకి కుదించారు. మామూలు ఆపరేషన్లకి ఆ రూలు వర్తించదు.

కానీ ఒకటి గమనించండి. అది సాక్ష్యం కోసం తీసే వీడియో. మా అత్తకి కావాల్సింది అర్థం కావడానికి చూపించే వీడియో. ఐదు నిమిషాలు, మన యాసలో, ఆపరేషన్‌కి ముందురోజే, ఆపి మళ్లీ చూసుకునేలా. ఏం తీస్తారు, ఏం మిగులుతుంది, బొమ్మతో సహా.

వీడియో ఒక్కటే చాలదు కూడా. దానికి అత్త వయసు తెలియదు, షుగర్ తెలియదు. చూపించినాక డాక్టర్ కూర్చుని, "నీకేం అర్థమైందో చెప్పమ్మా" అని అడగాలి. ఆమె తన మాటల్లో చెప్పగలిగితేనే అది ఒప్పుకోలు.

అంతవరకు మనం చెయ్యగలిగింది ఉంది. మీ ఇంట్లోవాళ్లు సంతకం పెట్టేముందు నాలుగు అడగండి: ఏం చేస్తారు? ఎందుకు? వేరే దారి ఉందా, రిస్కు ఎంత? చేయించుకోకపోతే ఏమవుతుంది? డాక్టర్ ఒప్పుకుంటే ఆ జవాబుని ఫోన్‌లో రికార్డు చేసి, పేషెంట్‌కి రాత్రి మళ్లీ వినిపించండి.

నేను ఆ పని చెయ్యలేదు. మీరైనా చెయ్యండి. మళ్లీ కలుద్దాం.