నాలుగు వందల డాలర్లకు ఇల్లు పోతుందా?

(మన వేదిక నెలవారీ అంతర్జాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వేదికలో సాధారణంగా ఎన్నికల సంస్కరణల గురించీ, స్థానిక ప్రభుత్వాల అధికారాల గురించీ మాట్లాడుకుంటాం. ఇవాళ నాకిచ్చిన విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపిస్తుంది. హోమ్ ఓనర్స్ అసోసియేషన్ బాకీలు, ఆ బాకీల పేరుతో వచ్చే ఫోర్‌క్లోజర్ నోటీసులు. నేను లాయర్ని కాను, టెలికాం ఇంజనీర్ని. ఒకసారి ఇల్లు పోగొట్టుకునే దాకా వెళ్ళి తిరిగి వచ్చినవాడిని. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాను.

2014లో మయన్మార్‌లో విదేశీ మొబైల్ కంపెనీలు సేవలు మొదలుపెట్టినప్పుడు నేను డాలస్ నుంచి యాంగన్ వెళ్ళాను. డాలస్ ఉత్తర శివారులో ఉన్న మా ఇల్లు అద్దెకిచ్చాం. యాంగన్‌లో సంచౌంగ్ అనే పేటలో అయిదో అంతస్తులో కాపురం. ఇరుకు వీధులు, లిఫ్టు లేని భవనాలు. అద్దె ఏడాదికి ఒకేసారి ముందే కట్టాలి. అక్కడ ప్రతి బాల్కనీ నుంచీ కింది దాకా ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. తాడు చివర ఒక క్లిప్పు, పైన ఒక గంట. పేపరు వేసే అబ్బాయి కాగితాన్ని క్లిప్పుకు తగిలించి తాడు లాగుతాడు, పైన గంట మోగుతుంది, మనం పైకి లాక్కుంటాం.

మా భవనానికి అసోసియేషన్ లేదు. మయన్మార్ 2016లో కాండోమినియం చట్టం చేసింది, 2017 చివర్లో దాని నిబంధనలు వచ్చాయి. ఆ చట్టం కిందికి రావాలంటే కనీసం ఎకరం స్థలం కావాలి. సంచౌంగ్‌లో చిన్న జాగాల్లో లేచిన పాత భవనాల్లో ఎక్కువ భాగానికి ఆ అవకాశమే లేదు. మెట్ల మీద బల్బు పోతే నెలల తరబడి చీకటే. కాలవ పూడితే కింది అంతస్తులో టీ కొట్టు నడిపే పెద్దావిడ తలా ఇంత అని పోగుచేసి బాగు చేయించేది. నేను ఓసారి ఆరు వారాలు ఊళ్ళో లేను. తిరిగొచ్చేసరికి నా తాడుకు చీటీ తగిలించి ఉంది. పక్కింటివాళ్ళు కూడా తలుపు కొట్టి చెప్పారు, "సయా, కాలవ డబ్బులు మీవే మిగిలాయి" అని. ఇచ్చేశాను. అంతటితో అయిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2016 ఫిబ్రవరిలో, డాలస్‌లో మా ఇంట్లో అద్దెకున్నాయన ఖాళీ చేస్తూ వైబర్‌లో ఒక ఫోటో పంపాడు. వంటింటి సొరుగు నిండా నా పేరు మీద విప్పని కవర్లు. ఆయన తప్పేమీ లేదు, నావి కదా అని దాచిపెట్టాడు. చివరి కవరు ఒక లాయరు ఆఫీసుది. బాకీ కట్టకపోతే ఇల్లు వేలం వేయించే చర్య మొదలుపెడతామని అందులో ఉంది.

జరిగింది ఇది. మా అసోసియేషన్ మేనేజ్‌మెంట్ కంపెనీని మార్చింది. నా బ్యాంకు మాత్రం పాత కంపెనీ చిరునామాకే చెక్కులు పంపుతూ పోయింది. అవి ఎవరూ మార్చుకోలేదు. ఆరు నెలలకోసారి కట్టే 425 డాలర్లు మూడు విడతలు బాకీ పడ్డాయి. అసలు బాకీ 1,275 డాలర్లు. ఆలస్య రుసుములు, నోటీసు ఖర్చులు, లాయరు ఫీజులు కలిపి అది దాదాపు 2,900 అయింది. జీతం వస్తున్న మనిషిని, కట్టగలిగిన మనిషిని. అయినా అక్కడిదాకా వచ్చింది.

ఇది నాకొక్కడికే జరిగిన వింత కాదు. 2001లో హ్యూస్టన్‌లో 82 ఏళ్ళ వితంతువు లక్షా యాభై వేల డాలర్ల ఇల్లు, ఎనిమిది వందల పైచిలుకు డాలర్ల బాకీకి వేలంలో అయిదు వేలకు పోయింది. ఆ గొడవ తరువాతే టెక్సస్ శాసనసభ ఇంటి యజమానుల రక్షణ చట్టం చేసింది. అయినా 2008లో మా పక్కనే ఫ్రిస్కోలో, ఇరాక్ యుద్ధం కోసం విధుల్లో ఉన్న ఒక సైనికాధికారి ఇల్లు పోయింది. అప్పు లేని ఇల్లు, సుమారు మూడు లక్షల విలువ. వేలంలో పలికింది 3,500 డాలర్లు. రెండు సందర్భాల్లోనూ పత్రికలు, కోర్టులు, రాజీల తరువాత ఇళ్ళు తిరిగి దక్కాయి. పత్రికల దాకా వెళ్ళని వాళ్ళ సంగతి మనకు తెలియదు.

"టెక్సస్‌లో సొంత ఇంటిని అప్పులవాళ్ళు ముట్టుకోలేరు కదా" అని మనవాళ్ళు అంటూ ఉంటారు. చాలా అప్పులకు అది నిజమే. కానీ అసోసియేషన్ బాకీకి అది వర్తించదని 1987లోనే టెక్సస్ సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు కొన్నప్పుడే ఆ షరతు భూమితోపాటు మన మీదికి వస్తుంది. రిజిస్ట్రేషన్ రోజు మనం సంతకం చేసే కాగితాల కట్టలో ఆ నిబంధనలుంటాయి. మనలో ఎంతమంది చదివాం?

బర్మాలో ఉన్నప్పుడు జప్తు గురించి ఒక పాత కథ విన్నాను, తరువాత చదివాను కూడా. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు ఓడలెక్కి రంగూన్ రేవులో కూలికి వెళ్ళిన కాలం. దిగువ బర్మాలో బియ్యం పండించే రైతులకు చెట్టియార్లు అప్పులిచ్చేవారు. 1930 నాటికి పదమూడు ప్రధాన వరి జిల్లాల్లో వాళ్ళ చేతిలో ఉన్నది సుమారు ఆరు శాతం భూమి. ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర కూలింది, బాకీలు తీరలేదు. 1938కల్లా అది పాతిక శాతమయింది. వాళ్ళు వడ్డీ వ్యాపారులు, వ్యవసాయం చేద్దామని బయల్దేరినవాళ్ళు కారు. చట్టం చేతికిచ్చిన పనిముట్టు అది ఒక్కటే, దాన్నే వాడారు. దాని పర్యవసానం ఆ దేశపు రాజకీయాల్లో దశాబ్దాలు మిగిలింది, భారతీయులందరి మీదా పడింది.

మా అసోసియేషన్ బోర్డు కూడా నా ఇల్లు కావాలని కోరుకోలేదు. ఆ సంగతి తరువాత తెలిసింది. బాకీల పట్టిక లాయరుకు పంపేశారు, మిగతాది యంత్రంలా నడిచింది.

ఇక ఏం చేయాలన్న దగ్గరికి వస్తాను. నేను చేసినవీ, ముందే చేసి ఉండాల్సినవీ కలిపి చెబుతున్నాను.

ఒకటి. చిరునామా. ఇల్లు అద్దెకిచ్చినా, దేశం మారినా అసోసియేషన్‌కు మీరు నిజంగా ఉత్తరాలు అందుకునే చిరునామానూ, ఈమెయిలునూ రాతపూర్వకంగా ఇవ్వండి. నోటీసు వాళ్ళ రికార్డులో ఉన్న చిరునామాకు పంపితే చాలు, మీరు విప్పారా లేదా అన్నది వాళ్ళ బాధ్యత కాదు.

రెండు. తగాదా ఉందని బకాయి ఆపకండి. "ఈత కొలను బాగుచేయలేదు కనుక నేను కట్టను" అనే వాదన కోర్టులో సాధారణంగా నిలవదు. అభ్యంతరం రాతలో పెట్టి డబ్బు కట్టండి, తరువాత పోట్లాడండి.

మూడు. లెక్క అడగండి. నెలవారీ బకాయి ఎంత, జరిమానా ఎంత, లాయరు ఫీజు ఎంత అని విడివిడిగా. టెక్సస్‌లో కేవలం జరిమానాల కోసం ఇల్లు వేలం వేయకూడదు. వాయిదాల ఒప్పందం చేసుకుని తప్పినవాళ్ళ విషయంలో తప్ప, కట్టే సొమ్మును ముందు అసలు బకాయికి జమ వేయాలి. లెక్క వచ్చాక నా బాకీలో రెండు నోటీసు ఖర్చులు రెండేసి సార్లు పడ్డాయని తేలింది.

నాలుగు. వాయిదాలు అడగండి. టెక్సస్‌లో పద్నాలుగుకు మించి ఇళ్ళున్న అసోసియేషన్ కనీసం మూడు నెలల వాయిదా పద్ధతి ఇవ్వాలి. లాయరుకు అప్పగించే ముందు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసిచ్చి గడువు ఇవ్వాలి. ఇప్పుడది 45 రోజులు. వాయిదాలు ఆ గడువులోపే అడగాలి, ఒప్పుకున్నాక తప్పకూడదు.

అయిదు. కోర్టు కాగితం వస్తే ఆ రాష్ట్రంలో ఈ పని తెలిసిన లాయరును వెంటనే పెట్టుకోండి. వేలం జరిగిపోయినా చేతులెత్తేయకండి. టెక్సస్‌లో యజమాని 180 రోజుల్లో డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. కాలిఫోర్నియాలో కోర్టు బయట జరిగిన వేలానికి ఆ గడువు 90 రోజులు. అక్కడ బకాయి 1,800 డాలర్లకు చేరాలి, లేదా ఏడాది పైబడాలి, అప్పుడే వేలానికి వెళ్ళగలరు.

ఆరు. "బ్యాంకు తాకట్టు ఉంది, బ్యాంకే చూసుకుంటుంది" అనుకోకండి. నెవాడాలో సరిగ్గా జరిగిన అసోసియేషన్ వేలం బ్యాంకు మొదటి తాకట్టునే రద్దు చేస్తుందని 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు, మీ రాష్ట్రం సంగతి తెలుసుకోండి.

నా విషయం ఎలా ముగిసిందో చెప్పి ఆపేస్తాను. డాలస్‌కూ యాంగన్‌కూ అప్పుడు పన్నెండున్నర గంటల తేడా. సంచౌంగ్‌లో కరెంటు పోయిన ఒక రాత్రి, మెట్ల మీద కూర్చుని ఫోన్లో బోర్డు కోశాధికారితో మాట్లాడాను. ఆవిడ రిటైరైన టీచరు, జీతం లేని పదవి. "మీ పేరు మాకు ఒక అంకెగా వచ్చింది, మీరు విదేశంలో ఉన్నారని ఎవరూ చెప్పలేదు" అంది. తరువాత ఇంకో మాట అంది. "వార్షిక సమావేశానికి కోరం రాక రెండుసార్లు వాయిదా వేశాం. మీరెప్పుడైనా వచ్చారా?" రాలేదు. డాలస్‌లో ఉన్న ఏడేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. బోర్డు ఆలస్య రుసుములు కొన్ని తగ్గించింది, మిగతాది ఆరు నెలల్లో కట్టాను. ఇల్లు నిలిచింది.

మన ఊళ్ళో గ్రామసభకు జనం రారని మనం వ్యాసాలు రాస్తాం. అమెరికాలో మన వీధికి చట్టబద్ధంగా పన్ను వేసి, జరిమానా వేసి, చివరికి ఇల్లు వేలం వేయించగల చిన్న ప్రభుత్వం ఒకటుంది. ముగ్గులు వేయనివ్వలేదనీ, వ్రతానికొచ్చిన చుట్టాల కార్లకు నోటీసులు అంటించారనీ ఫిర్యాదు చేస్తాం. దాని ఎన్నికల్లో మాత్రం ఓటు వేయం. బాకీ లాయరుకు పోయే ముందు బోర్డు సభ్యుడొకరు యజమానితో స్వయంగా మాట్లాడాలి అనే ఒక్క నియమం పెట్టడానికి చట్టసభ అక్కర్లేదు. బోర్డులో మెజారిటీ చాలు. తిరిగి వచ్చాక నేను బోర్డుకు పోటీ చేశాను, 31 ఓట్లు వస్తే గెలిచాను. ఇప్పుడు మా దగ్గర ఆ నియమం ఉంది. మొదటి ఏడాది అలా ఫోన్ చేసినవాళ్ళలో ఒకాయన ఆసుపత్రిలో ఉన్నాడు, ఒకావిడ భర్త పోయి నాలుగు నెలలయింది.

సంచౌంగ్‌లో ఆ టీ కొట్టు పెద్దావిడకు నా ఇల్లు వేలం వేసే అధికారం లేదు, గంట మోగించడం వచ్చు. మన అసోసియేషన్లకు ఆ అధికారం ఉంది. గంట మోగించడం మనం వెళ్ళి నేర్పాలి. ఈ నెల మీ అసోసియేషన్ సమావేశం ఎప్పుడో ఇవాళే చూడండి.